ఫోమ్ కత్తి లోపల ఏం పెట్టాలి?

ఫోమ్ కత్తి అంటే సరదా పోరు ఆటల కోసం ఒక కడ్డీ చుట్టూ మెత్తటి ఫోమ్ తొడిగి చేసేది. లోపలి ఆ కడ్డీనే కోర్ అంటాం. ఒక పీవీసీ పైపు ముక్క, ఒక ఫైబర్‌గ్లాస్ రాడ్ తీసుకోండి. పైపు బయటి వ్యాసం 21 మిల్లీమీటర్లు, గోడ మందం సుమారు 2.7. రాడ్ చిటికెన వేలి కంటే సన్నం, 10 మిల్లీమీటర్లే. రెండింటినీ టేబుల్ అంచుకి క్లాంపుతో గట్టిగా బిగించి, 75 సెంటీమీటర్లు బయటికి వదిలి, కొసకి ఒక్కో లీటరు నీళ్ల సీసా వేలాడదీయండి. రెండూ ఇంచుమించు 7 సెంటీమీటర్లే కిందికి దిగుతాయి. చూపుకి సగం కూడా లేని రాడ్ అంత లావు పైపుకి సమానంగా నిలబడింది. తూకం వేస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. పైపు మీటరుకి 220 గ్రాములు, రాడ్ 150.

ఇంట్లో ఫోమ్ కత్తి చేసుకునేవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "లోపల పెట్టడానికి ఏది గట్టిది?" నేను కూడా అక్కడే మొదలుపెట్టాను. ఎన్నో కత్తులు చేసి, కొన్ని విరగ్గొట్టుకున్నాక అర్థమైంది, ఆ ఒక్క ప్రశ్నలో మూడు వేరు వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయని. ఊపినప్పుడు ఎంత వంగుతుంది? బరువు ఎక్కడ ఉంది? ఏదో ఒక రోజు విరిగినప్పుడు ఎలా విరుగుతుంది? మూడింటికీ ఒకే జవాబు వచ్చే పదార్థం లేదు. అందుకే వీటిని విడదీసి చూడాలి. నా వరకు చివరి ప్రశ్నే అన్నిటికంటే పెద్దది, ఎందుకంటే ఈ కత్తితో మనం కొట్టేది మన స్నేహితుల్నే.

బిరుసు ఎక్కడి నుంచి వస్తుంది

బలం వేరు, బిరుసు వేరు. విరగడానికి ఎంత శక్తి కావాలన్నది బలం. వంచడానికి ఎంత శక్తి కావాలన్నది బిరుసు. చేపలు పట్టే ఫైబర్‌గ్లాస్ గాలపు కర్ర చాలా బలమైనదే, కానీ బిరుసు తక్కువ. గాజు కడ్డీ చాలా బిరుసైనది, కానీ ఒక దెబ్బకి పుటుక్కుమంటుంది. కోర్ కొనేటప్పుడు చేత్తో వంచి చూసి "ఇది గట్టిగా ఉంది" అనుకుంటాం. అక్కడ మనం కొలిచింది బిరుసునే, బలాన్ని కాదు.

బిరుసుని రెండు విషయాలు నిర్ణయిస్తాయి. ఒకటి పదార్థం. పీవీసీ కంటే, పోగులన్నీ పొడవునా సాగిన ఫైబర్‌గ్లాస్ రాడ్ సుమారు పన్నెండు, పదిహేను రెట్లు బిరుసైనది. కార్బన్ ఫైబర్ దానికి ఇంకో రెండు, మూడు రెట్లు. రెండోది ఆకారం, అసలు మాయంతా ఇందులోనే ఉంది. ఘనంగా ఉండే కడ్డీకి వ్యాసం రెట్టింపు చేస్తే బిరుసు రెండింతలు కాదు, పదహారింతలు అవుతుంది. రెండుని నాలుగుసార్లు వేసి గుణించిన లెక్క అది: 2 × 2 × 2 × 2. 10 మిల్లీమీటర్ల రాడ్ బదులు 12 తీసుకుంటే చేతికి తేడా పెద్దగా తెలియదు కానీ, బిరుసు రెట్టింపు కంటే ఎక్కువే అవుతుంది.

పదార్థాన్ని మధ్యలోంచి తీసి అంచులకి జరిపితే ఇంకా లాభం. 12 మిల్లీమీటర్ల ఘనమైన రాడ్‌లో ఎంత ఫైబర్‌గ్లాస్ ఉంటుందో, బయట 20, లోపల 16 మిల్లీమీటర్లున్న బోలు గొట్టంలోనూ సరిగ్గా అంతే ఉంటుంది. కాబట్టి బరువూ అంతే. బిరుసు మాత్రం నాలుగున్నర రెట్లు పెరుగుతుంది. వెదురు బోలుగా ఉన్నా అంత నిటారుగా నిలబడేది ఇందుకే. ఈ లాభానికి ఒక ఖర్చు ఉంది: గోడ పల్చబడేకొద్దీ పక్క నుంచి తగిలే దెబ్బకి గొట్టం నొక్కుకుపోతుంది. ఆ సంగతి విరగడం గురించి చెప్పేటప్పుడు మళ్లీ వస్తుంది.

ఇక పొడవు. కొస దగ్గర ఒకే బరువు వేలాడదీస్తే, వంపు పొడవు × పొడవు × పొడవు లెక్కన పెరుగుతుంది. మొదట చెప్పిన పీవీసీ పైపునే 75 సెంటీమీటర్ల బదులు 120 సెంటీమీటర్లు బయటికి వదిలితే, అదే నీళ్ల సీసా దాన్ని 7 కాదు, దాదాపు 29 సెంటీమీటర్లు దించుతుంది. పొట్టి కత్తికి చక్కగా పనికొచ్చిన పైపు రెండు చేతుల కత్తిలో పెట్టగానే కొరడాలా ఎందుకు ఊగుతుందో ఇప్పుడు తెలిసింది కదా. పైపు చెడ్డది కాదు. పొడవు దాన్ని దాటిపోయింది.

కొరడాలా ఊగితే నష్టం ఏమిటని అడుగుతారు కొందరు, మెత్తగా ఉంటే దెబ్బ తగ్గుతుంది కదా అని. తగ్గదు. ఊపు మొదలుపెట్టినప్పుడు మొన వెనకబడుతుంది, చేయి ఆగగానే అది ఒక్కసారిగా ముందుకి దూసుకొస్తుంది. ఆ క్షణంలో మొన వేగం మీ చేతి అదుపులో ఉండదు. ఎదుటివాళ్లు డాలు అడ్డుపెట్టినా, కత్తి డాలు అంచున తగిలి పైభాగం వంగి వెనకున్న ముఖాన్ని తాకుతుంది. తల మీద కొట్టకూడదన్నది ఈ ఆట ఆడే చాలా గ్రూపుల నియమం. కొట్టాలని లేకపోయినా కొట్టించే కత్తి అది. మరీ బిరుసైన కోర్‌తో ఇంకో ఇబ్బంది: కోర్ కొంచెం కూడా వంగకపోతే దెబ్బనంతా ఫోమ్ ఒక్కటే మింగాలి. లీటరు సీసా పరీక్షలో నాలుగు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల దాకా దిగే కత్తి నాకు నచ్చుతుంది. ఇది నా చేతి లెక్క, ఎక్కడి నియమమూ కాదు.

బరువు ఎంత అని కాదు, ఎక్కడ అని

కత్తి మొత్తం బరువు కంటే ఆ బరువు పిడికి ఎంత దూరంలో ఉందన్నది ముఖ్యం. పిడి దగ్గర వంద గ్రాములు చేతికి తెలియదు. అదే వంద గ్రాములు మొనలో ఉంటే ఊపడానికీ కష్టమే, ఆపడానికీ కష్టమే. ఆపలేని కత్తే ఎదుటివాళ్లకి ఎక్కువ నొప్పి. పిడి చివర బరువు కట్టి సరిచేద్దామని చాలామంది చూస్తారు. దానితో కత్తి తూగే చోటు చేతికి దగ్గరవుతుంది, పట్టుకుంటే హాయిగా అనిపిస్తుంది. కానీ మొనలో ఉన్న బరువు మొనలోనే ఉంటుంది, తగిలే దెబ్బ తగ్గదు.

ఈ లెక్కలో కార్బన్ ఫైబర్‌కి పోటీ లేదు. బయట 12, లోపల 10 మిల్లీమీటర్లున్న కార్బన్ గొట్టం మీటరుకి యాభై గ్రాముల చిల్లర. అంటే ఆ పీవీసీ పైపులో నాలుగో వంతు బరువు, బిరుసు మాత్రం దాదాపు మూడు రెట్లు. గోల్ఫ్ క్లబ్బుల కార్బన్ కడ్డీలని కోర్‌గా వాడేవాళ్లు ఉన్నారు. అవి పిడివైపు లావుగా, రెండో కొసకి పోయేకొద్దీ సన్నగా ఉంటాయి కాబట్టి మొన ఇంకా తేలికవుతుంది. అయితే కోర్‌లో వంద గ్రాములు మిగిల్చి, ఫోమ్ మీద నాలుగు పొరల టేపు చుట్టేస్తే ఆ లాభమంతా పోయినట్టే. నేను చూసిన బరువైన కత్తుల్లో చాలావాటికి తప్పు కోర్‌ది కాదు, టేపుది.

విరిగినప్పుడు ఏమవుతుంది

ప్రతి కోర్ ఒక రోజు విరుగుతుంది. ఇది ఒప్పుకున్నాకే మంచి ఎంపిక మొదలవుతుంది. విరిగిన ముక్క ఫోమ్‌లో దాక్కుని ఉంటుంది, పైకి కనిపించదు. ఆట వేడిలో ఉన్నవాళ్లు ఇంకో రెండు దెబ్బలు కొట్టాకే అనుమానం వస్తుంది. ఆ రెండు దెబ్బల్లో లోపల ఉన్నది ఏమిటన్నదే అసలు ప్రశ్న.

చెక్క రూళ్ల కర్రతో మొదలుపెడతాను, ఎందుకంటే ఇంట్లో అందరికీ ముందు దొరికేది అదే, నేను వద్దని గట్టిగా చెప్పేదీ అదే. చెక్కలో నార కర్ర పొడవునా తిన్నగా సాగితే అది బాగానే ఓర్చుకుంటుంది. కానీ యంత్రంలో గుండ్రంగా చెక్కిన కర్రల్లో నార చాలాసార్లు ఏటవాలుగా పక్కకి పోయి ఉంటుంది. దెబ్బ పడినప్పుడు కర్ర ఆ ఏటవాలునే పట్టుకుని చీలుతుంది. మిగిలేది రెండు ఈటె మొనలు. ఒక చెక్క ఈటెని ఫోమ్‌లో చుట్టి స్నేహితుడి మీద ఊపుతున్నామన్న మాట. చాలా గ్రూపులు చెక్క కోర్‌ని ఒప్పుకోకపోవడానికి కారణం ఉంది.

లోహం సంగతి కూడా అంతే. అల్యూమినియం గొట్టం తేలికే, బిరుసే. కానీ దెబ్బకి సొట్ట పడుతుంది, సొట్ట దగ్గర మళ్లీ మళ్లీ వంగి అలసి తెగుతుంది. తెగిన గొట్టం అంచు గుండ్రటి బ్లేడు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

పీవీసీ మెత్తటి మనసున్నదే కానీ, వాతావరణాన్ని బట్టి గుణం మారుస్తుంది. మామూలు వేడిలో అది వంగి, తెల్లబారి, మడతపడి మనకి కబురు చెప్పి మరీ చెడిపోతుంది. చలిలో అలా కాదు, పెళుసుగా మారి పదునైన పెచ్చులుగా పగులుతుంది. ఎండలో నెలల తరబడి పడి ఉన్నా అదే గతి. వేడి ఎక్కువైతే ఇంకో రకం చేటు: సుమారు 80 డిగ్రీల దగ్గర పీవీసీ పూర్తిగా మెత్తబడుతుంది, అంతకు చాలా ముందు నుంచే నీరసపడుతుంది. ఎండలో మూసి ఉంచిన కారులో వదిలేసిన కత్తి వంకరగా బయటికి వస్తుంది. గోడకి ఆనించి కొన్ని వారాలు ఉంచినా చాలు, నెమ్మదిగా వంగిపోయి ఇక తిరిగి రాదు. నా మొదటి కత్తి అలాగే కొడవలి అయింది. పడుకోబెట్టి ఉంచడమే దీనికి మందు. ఒక జాగ్రత్త: కరెంటు వైర్ల కోసం వాడే పల్చటి పైపునీ, నీళ్ల ఒత్తిడి తట్టుకునే మందపాటి పైపునీ ఒకటే అనుకోవద్దు. మొదటిది నాలుగు ఆటలకి కూడా నిలవదు.

వెదురు గురించి చెప్పాలంటే నాకు ఇష్టం ఎక్కువ. తేలిక, బిరుసు, బోలు, అన్నీ ప్రకృతే లెక్క కట్టి ఇచ్చినట్టు ఉంటుంది. బలమైన నార అంతా బయటి పెంకు దగ్గర దట్టంగా పేరుకుని ఉంటుంది కాబట్టి, నున్నగా చేద్దామని పైపొరని గీకితే దాని ప్రాణం తీసినట్టే. వెదురు అడ్డంగా తెగడం అరుదు, పొడవునా చీలుతుంది. కణుపులు ఆ చీలికని కొంతవరకు ఆపుతాయి, నైలాన్ పోగుల టేపు గట్టిగా చుడితే ఇంకా ఆపుతుంది. చీలిన బద్దల అంచులు మాత్రం చాలా పదును. జపాన్ కెండో ఆటలో వాడే షినాయ్ నాలుగు వెదురు బద్దల్ని కట్టి చేసిన కత్తి. ఇనుప జాలీ ఉన్న ముసుగు వేసుకుని ఆడే ఆ ఆటగాళ్లు కూడా, లేచిన పేడు ఆ జాలీ సందులోంచి కంట్లోకి పోతుందని, ప్రతి సాధనకి ముందు బద్దలని తడిమి చూసుకుంటారు. వాళ్లకి అంత జాగ్రత్త అవసరమైతే, వెదురుని ఫోమ్‌లో మూసేసి చూడకుండా వాడే మనకి ఇంకెంత అవసరమో ఆలోచించండి. ఇంకో చిక్కు, ఏ రెండు వెదుర్లూ ఒకటి కావు. బాగున్న ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని నమ్మలేం.

పేము బెత్తం చూపుకి వెదురు తమ్ముడిలా ఉన్నా గుణం వేరు. లోపల బోలు ఉండదు, నార అంతా కలిసి ఉంటుంది, అందుకే చీలదు. దెబ్బలు తిని తిని కొస కుంచెలా విచ్చుకుంటుంది, అంతే. 1966లో అమెరికాలోని బర్క్‌లీలో మొదలైన, మధ్యయుగాల జీవితాన్ని మళ్లీ ఆడి చూసే సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రోనిజం సభ్యులు కవచాలు వేసుకుని చేసే పోరులో, కత్తులకి కనీసం ఒకటింబావు అంగుళం లావున్న పేము వాడతారు. విరిగే తీరుని చూసి పదార్థాన్ని ఎంచుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. అయితే వాళ్లకి కవచం ఉంది. ఫోమ్ కత్తికి అంత లావు పేము బరువు, సన్నటి పేము మరీ ఊగుతుంది. కాబట్టి మనకి అది పొట్టి ఆయుధాలకే.

ఇక ఫైబర్‌గ్లాస్. గాజు పోగుల్ని జిగురు లాంటి రెజిన్‌లో ముంచి, అచ్చులోంచి పొడవుగా లాగి రాడ్ చేస్తారు. వేల పోగులు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒకచోట కొన్ని తెగినా మిగతావి పట్టుకుని ఉంటాయి. ఘనమైన రాడ్ ఒక్కసారిగా రెండు ముక్కలవడం చాలా అరుదు. లోపల పోగులు విడిపోయి, ఆ చోట పచ్చికొమ్మ విరిచినట్టు వేలాడుతుంది. అంటే చెడిపోయాక మెత్తబడుతుంది, పదునెక్కదు. ఇలాంటి గుణమే మనకి కావాలి. పోల్ వాల్ట్ ఆటగాళ్లు ఈ దారిలోనే నడిచారు: 1940లో కార్నీలియస్ వార్మర్‌డామ్ 15 అడుగులు మొదటిసారి దాటింది వెదురు గడతో, 1962లో జాన్ యూల్సెస్ 16 అడుగులు దాటింది ఫైబర్‌గ్లాస్ గడతో. విల్లులా వంగి, విరగకుండా మళ్లీ నిటారుగా లేచే గడ వాళ్ల ఆటనే మార్చేసింది.

సన్నదనం కూడా ఇక్కడ మేలు చేస్తుంది. ఏ కడ్డీనైనా వంచితే ఎక్కువ సాగేది దాని బయటి అంచు. ఒకే వంపులో లావు కడ్డీ అంచు ఎక్కువ సాగాలి, సన్నది తక్కువ సాగితే చాలు. 10 మిల్లీమీటర్ల రాడ్‌ని ఎంత వంచినా తట్టుకుంటున్నట్టు కనిపించేది అందుకే.

కార్బన్ ఫైబర్ ఈ గుణంలో వెనకబడుతుంది. కార్బన్ పోగు గాజు పోగంత సాగదు. హద్దు దాటే దాకా ఏ కబురూ చెప్పదు, దాటగానే టప్పున తెగుతుంది. మిగిలే నల్లటి పేళ్లు సూదుల్లాంటివి, చర్మంలో దిగితే తీయడం నరకం. పల్చటి గోడ ఉన్న గొట్టానికి ఎదుటి కత్తి అడ్డంగా తగిలితే గోడ నొక్కుకుని అక్కడే పగులు మొదలవుతుంది. కార్బన్ వద్దని నేను చెప్పను. పల్చటి ఫోమ్‌తో, అదుపు తెలిసిన చేతుల్లో అది అద్భుతం. కానీ గొట్టం పొడవునా పోగుల టేపు చుట్టి, విరిగినా పేళ్లు లోపలే బందీ అయ్యేలా చేయకుండా వాడొద్దు. మొదటి కత్తికి మాత్రం వద్దే వద్దు.

సన్నటి కోర్ అడిగే బాకీ

సన్నటి రాడ్ తీసుకున్నందుకు మనం ఫోమ్‌లో బాకీ తీర్చాలి. అదే దెబ్బ 21 మిల్లీమీటర్ల పైపు మీద కంటే 10 మిల్లీమీటర్ల రాడ్ మీద సగం వెడల్పులో పడుతుంది, ఒత్తిడి దాదాపు రెట్టింపు. పీవీసీ చుట్టూ సరిపోయిన ఫోమ్‌లో రాడ్ పెడితే, కొన్ని వారాల్లో రాడ్ దాన్ని లోపలి నుంచి కోసుకుంటూ వాదర వైపు వచ్చేస్తుంది. వేలితో నొక్కితే గట్టిగా తగులుతుంది. దీనికి విరుగుడు, రాడ్‌కి ఆనుకుని గట్టి రకం ఫోమ్, దాని మీద మెత్తటి రకం. గట్టిది ఒత్తిడిని పంచుతుంది, మెత్తటిది దెబ్బని మింగుతుంది.

నీళ్ల పైపులకి తొడిగే ఫోమ్ గొట్టం పీవీసీ మీద అచ్చం దాని కోసమే చేసినట్టు కూర్చుంటుంది. పీవీసీకి ఇన్నేళ్లుగా ఇంత ఆదరణ రావడానికి దాని బలం కంటే ఈ సులువే పెద్ద కారణమని నా నమ్మకం. ఒక మధ్యాహ్నంలో కత్తి తయారైపోతుంది. పిల్లలతో కలిసి చేసేవాళ్లకి నేను ఇప్పటికీ మందపాటి పీవీసీనే చెబుతాను, పొడవు 90 సెంటీమీటర్లు దాటనివ్వొద్దని మాత్రం కలిపి.

మొన దగ్గర అన్ని కోర్లూ ప్రమాదమే, సన్నటివి ఇంకా ఎక్కువ. పొడిచినప్పుడు రాడ్ కొస ఫోమ్‌ని సూదిలా దాటి వస్తుంది. రాడ్ కొసకి దాని కంటే బాగా వెడల్పైన రబ్బరు బిరడా అతికించి, పైన కనీసం నాలుగైదు సెంటీమీటర్ల ఫోమ్ ఉంచాలి. పొడిచే కత్తి అయితే ఇంకా ఎక్కువ. మీ గ్రూపు నియమం ఇంకో అంకె చెబితే ఆ అంకే పాటించండి. డాగోర్‌హిర్, ఆమ్ట్‌గార్డ్ లాంటి పాత ఫోమ్ ఆయుధాల ఆటలకి ఎవరి నియమాలు వాళ్లకున్నాయి, ఒకచోట ఒప్పుకున్న కోర్ ఇంకోచోట తిరస్కరిస్తారు. కోర్ కొనక ముందే చదవాల్సిన పుస్తకం అది.

పొడవుని బట్టి ఎలా ఎంచుతాను

అలుగు, అంటే పిడి పైన ఉండే భాగం, 75 సెంటీమీటర్ల లోపు ఉంటే 10 మిల్లీమీటర్ల ఫైబర్‌గ్లాస్ రాడ్. మీటరు దాకా 12 మిల్లీమీటర్లది. సీసా పరీక్షలో అది 8 సెంటీమీటర్లు దిగుతుంది, పొట్టి కత్తికి పీవీసీ ఇచ్చిన బిరుసే దాదాపు. అది దాటి ఈటెలు, పొడవాటి గండ్రగొడ్డళ్ల దాకా వెళితే ఘనమైన రాడ్‌ని లావు చేసుకుంటూ పోవడం దండగ, బరువు చేతుల్ని తినేస్తుంది. అక్కడ మందపాటి గోడ ఉన్న ఫైబర్‌గ్లాస్ గొట్టమో, మంచి వెదురో కావాలి. టెంటు గడల రాడ్ చాలామంది తెచ్చుకుంటారు. 8 మిల్లీమీటర్ల చిల్లర ఉండే ఆ రాడ్ బాకుకి సరిపోతుంది, కత్తికి చాలదు. ఎండలో ఉండి పైన పోగులు నూగులా లేచిన పాత రాడ్ అయితే ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

పీవీసీ పైపులో సగం దాకా చెక్క కర్ర దూర్చి గట్టి చేయాలన్న ఆలోచన అందరికీ ఒకసారి వస్తుంది. కర్ర ఆగిన చోట బిరుసు ఒక్కసారిగా పడిపోతుంది, వంపంతా ఆ ఒక్క చోటే పోగై అక్కడే విరుగుతుంది. అలాగే పిడి పైన అడ్డుకమ్మీ కోసం కోర్‌కి రంధ్రం పెట్టకండి. ఊపినప్పుడు కోర్ మీద భారం అన్నిటికంటే ఎక్కువగా ఉండేది సరిగ్గా అక్కడే. ఫోమ్ కోసేటప్పుడు కోర్ మీద పడిన చాకు గీత కూడా, ముఖ్యంగా పీవీసీలో, పగులుకి మొదలవుతుంది. ఫోమ్‌ని ముందే విడిగా కోసుకోవడం మేలు.

ఫైబర్‌గ్లాస్, కార్బన్ కోసేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. కోసే చోట టేపు చుట్టి, తడిగుడ్డ పెట్టి, సన్నటి పళ్ల రంపంతో మెల్లగా కోస్తే దుమ్ము గాలిలోకి లేవదు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, చర్మానికి తగిలితే గంటల తరబడి దురద. కోసిన కొసని తడి గరుకు కాగితంతో రుద్ది, జిగురు పూసి మూయండి. నున్నటి రాడ్ మీద జిగురు నిలవదు కాబట్టి పొడవునా కొంచెం గరుకు చేస్తేనే ఫోమ్ లోపల రాడ్ గిర్రున తిరగకుండా ఉంటుంది.

కత్తి తయారైన రోజునే పిడిని టేబుల్‌కి బిగించి సీసా వేలాడదీసి, ఎంత దిగిందో పిడి మీద మార్కరుతో రాసి పెట్టుకోండి. నెలకోసారి మళ్లీ కొలవండి. అంకె పెరుగుతోందంటే లోపల పోగులు విడిపోతున్నాయి, లేదా పైపు నీరసపడుతోంది. ఆటకి ముందు పిడి నుంచి మొన దాకా రెండు బొటనవేళ్లతో నొక్కుకుంటూ వెళ్లి, తర్వాత కత్తిని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచండి. చిటపటలు వినిపిస్తే ఫోమ్ విప్పేసి, ఆ కోర్‌ని ఇంకెవరూ ఏరుకుని వాడకుండా చిన్న ముక్కలు చేసి పారేయండి.